చదవని లిపి మీద మమకారం

నాకు తెలిసిన సంగతుల్లో కొన్నిటిని నేను తెలివి కోసం పోగుచేసుకోలేదు. పదిమందిలో వేరుగా కనబడాలని పోగుచేసుకున్నాను. గ్లాగోలిటిక్ లిపి వాటిలో ఒకటి. తొమ్మిదో శతాబ్దంలో స్లావ్ ప్రజల భాష కోసం పుట్టిన లిపి అది. ఇవాళ రష్యన్, బల్గేరియన్, సెర్బియన్ రాసే సిరిలిక్ కన్నా ముందుది. సిరిలిక్ పేరు చాలామంది విన్నారు. దానికి ముందు ఇంకొకటి ఉండేదని చెప్పగలిగేవాళ్లు మన మధ్య తక్కువ. ఆ తక్కువమందిలో ఒకణ్ణి కావడం నాకు ఇష్టంగా ఉండేది. లిపుల మాట ఎక్కడ వచ్చినా దీన్ని తీసుకొచ్చేవాణ్ణి. విన్నవాళ్ల ముఖాల్లో ఆశ్చర్యం కనబడగానే లోపల ఒక తృప్తి కలిగేది. ఆ తృప్తికీ లిపికీ సంబంధం లేదని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది.

గుర్తించాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు పుస్తకాలు చదివినవాడికి తన గర్వాన్ని గర్వం అనుకోవడం కష్టం. అభిరుచి, ఆసక్తి, పరిశోధన లాంటి మర్యాదైన పేర్లు దానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ పేర్లు తీసేస్తే అడుగున ఏం మిగులుతుందో చూసుకోవాలని ఇప్పుడు కూర్చున్నాను. అయితే ఆ లిపి కథ చెప్పకుండా నా సంగతి చెప్పలేను. నా లోపాలు ఒక్కొక్కటీ ఆ కథలో ఒక్కో మలుపు దగ్గర నాకు దొరికాయి.

862లో మొరావియా పాలకుడు రాస్తిస్లావ్ బైజాంటియం చక్రవర్తి మూడవ మైఖేల్‌కు కబురు పంపాడు. మా ప్రజలకు మా భాషలోనే క్రైస్తవాన్ని బోధించే గురువు కావాలని అడిగాడు. చక్రవర్తి ఈ పనికి థెస్సలొనీకా అన్నదమ్ములను ఎంచుకున్నాడు. తమ్ముడు కాన్‌స్టాంటైన్ పెద్ద పండితుడు. అన్న మెథోడియస్ అధికారిగా పనిచేసి, ఆ తర్వాత సన్యసించినవాడు. థెస్సలొనీకా చుట్టుపక్కల స్లావ్ మాట వినబడేది కాబట్టి ఇద్దరికీ ఆ భాష వచ్చు. కాన్‌స్టాంటైన్ జీవితచరిత్రలో ఇక్కడ ఒక సంభాషణ ఉంది. ఒంట్లో బాగాలేకపోయినా వెళ్తాను, కానీ వాళ్లకు తమ భాషలో రాసుకునే అక్షరాలున్నాయా అని అతను అడిగాడు. మా తాతా, మా నాన్నా వెతికించారు, దొరకలేదని చక్రవర్తి జవాబిచ్చాడు. అక్షరాలు లేకుండా బోధించడం నీళ్ల మీద రాయడమే, పైగా మతం తప్పినవాడన్న పేరు కూడా వస్తుందని కాన్‌స్టాంటైన్ జంకాడు. ఆ తర్వాత ప్రార్థనలో ఉండగా అక్షరాలు స్ఫురించాయని ఆ చరిత్ర చెబుతుంది. 863లో అన్నదమ్ములు మొరావియాకు ప్రయాణమయ్యేసరికి చేతిలో కొత్త లిపి ఉంది.

ఈ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎప్పుడూ ఒకేలా చెప్పాను. ఒక్క మనిషి ఏకాంతంలో కూర్చుని ఒక జాతి మొత్తానికి అక్షరాలిచ్చాడు అని. చెబుతున్నప్పుడు నేను ఎవరి పక్కన నిలబడుతున్నానో ఎప్పుడూ చూసుకోలేదు. అక్షరాలు అందుకున్న మొరావియా రైతు పక్కన కాదు. తన పిల్లలు కొత్త గుర్తులు దిద్దుతుంటే చూసిన తల్లి పక్కన కాదు. ఇచ్చినవాడి పక్కన. అందరికీ ఇచ్చే ఒక్కడిగా ఉండటంలో ఎంత గొప్ప ఉందో, ఆ గొప్పను ఊహలో నేను కాస్త పంచుకునేవాణ్ణి. అందుకే ఆ కథలో అసౌకర్యంగా ఉన్న పేజీలను త్వరగా తిప్పేసేవాణ్ణి. రాస్తిస్లావ్‌కు ప్రజల భాష మీద మమకారం ఒక్కటే లేదు. తన రాజ్యం మీద ఫ్రాంకుల బిషప్పుల పెత్తనం పెరగడం అతనికి నచ్చలేదు. చక్రవర్తికీ ఆ దిక్కున పలుకుబడి కావాలి. మహత్తరమైన ఆ పనికి వెనక ఇన్ని లెక్కలున్నాయంటే కథ మసకబారుతుందని నాకు భయం. కథ మసకబారితే, దాన్ని చెప్పే నేనూ మసకబారతాను కదా!

ఇప్పుడు అనిపిస్తుంది, నిష్కల్మషమైన ఉద్దేశాల కోసం నేను చరిత్రలో అంతగా వెతకడానికి కారణం, నా ఉద్దేశాలను నేను చూసుకోలేకపోవడమేనేమో. దూరపు మనిషిలో శుద్ధమైన మనసును పూజిస్తే, దగ్గరున్న మనసును తడమాల్సిన పని తప్పుతుంది.

గర్వం మొదటిదైతే, రెండోది బద్ధకం. ఇది ఇంకా లోతుగా దాక్కుంది. ఎందుకంటే పైకి అది శ్రమలాగే కనబడేది. ఆ లిపి అందమైనది. ఉచ్చులు, వృత్తాలు, త్రిభుజాలు. మొదటి అక్షరం సిలువ ఆకారంలో ఉంటుంది. ‘ఇ’, ‘స’ శబ్దాలకు వాడే అక్షరాల్లో ఒక్కో వృత్తం, ఒక్కో త్రిభుజం తలకిందులుగా ఎదురెదురుగా అమరి ఉంటాయి. ఆ రెండూ కలిస్తే యేసు పేరుకు సంక్షిప్త రూపం. సిలువ, అనంతానికి వృత్తం, త్రిత్వానికి త్రిభుజం, ఈ మూడింటి నుంచే లిపిని కట్టారని ఫిన్లాండ్ పండితుడు చెర్నోఖ్‌వోస్తోఫ్ ప్రతిపాదించాడు. అంతకు ముందే పంతొమ్మిదో శతాబ్దంలో ఐజాక్ టేలర్, గ్రీకుల గొలుసుకట్టు రాత నుంచే ఇవి వచ్చాయని వాదించాడు. ‘ష’ అక్షరాన్ని హీబ్రూ నుంచి తీసుకున్నారని చాలామంది ఒప్పుకుంటారు. ఈ వాదాలన్నీ నేను శ్రద్ధగా చదివాను. జోగ్రాఫ్ మఠంలో దొరికిన సువార్త ప్రతి ఛాయాచిత్రాలను ముందు పెట్టుకుని గంటలు గడిపాను. దానిలో అక్షరాలు గీత మీద నిలబడవు, పై గీత నుంచి వేలాడుతాయి. ఈ విశేషాన్ని కూడా పదిమందికి చెప్పాను.

అక్కడ ఏం రాసి ఉందో మాత్రం ఒక్క వాక్యం చదవలేదు.

ఇది నాకు తట్టిన రోజున మొదట కోపం వచ్చింది, నా మీద కాదు, ఆ ప్రశ్న మీద. ఎక్కడో వెయ్యేళ్ల నాటి భాష, దాన్ని నేను చదవాలని ఎవరన్నారు? చూసి ఆనందిస్తే చాలదా? చాలు, నిజమే. చిత్రాన్ని చూసినట్టు చూస్తే తప్పేం లేదు. కానీ నేను చూస్తున్నట్టు మాట్లాడలేదు, తెలిసినట్టు మాట్లాడాను. కన్ను పడ్డ శ్రమను బుద్ధి పడ్డ శ్రమగా లెక్కలో వేసుకున్నాను. రాసినవాడు ఆకారాల కోసం రాయలేదు, లోపలి మాట కోసం రాశాడు. ఆ మాటను వదిలేసి ఆకారాన్ని మెచ్చుకుంటే, మెప్పు అతనికి చెందదు. దాన్ని మెచ్చుకోగలిగిన నా అభిరుచికే చెందుతుంది.

మూడోది కోపం. నా కోపానికి ఒక పుస్తకం సాక్షి. అప్పట్లో సోఫియా నగరం పక్కన బొయానా అనే ఊరు ఉండేది. 1845లో రష్యన్ పండితుడు విక్తర్ గ్రిగొరోవిచ్ అక్కడ ఒక పాత సువార్త ప్రతిని సంపాదించాడు. చర్మపత్రాల మీద సిరిలిక్‌లో రాసింది, పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటిది. నిదానించి చూస్తే దాని ఆకుల్లో చాలావాటి అడుగున ఇంకో రాత ఉంది. పదకొండో శతాబ్దపు గ్లాగోలిటిక్ రాత. దాన్ని గీకి, కడిగి, ఆ ఆకుల్నే మళ్లీ వాడారు. పై అక్షరాల సందుల్లోంచి కింది ఉచ్చుల జాడ లేతగా తొంగిచూస్తుంది. ఇప్పటివరకు తెలిసిన ఇలాంటి పత్రాల్లో సిరిలిక్ కింద గ్లాగోలిటిక్ ఉంది కానీ, గ్లాగోలిటిక్ కింద సిరిలిక్ లేదు. ఏది ముందో తేల్చడానికి పండితులకు ఇది ఒక ఆధారం.

నాకు మాత్రం ఇది ఆధారం కంటే ఎక్కువగా అపరాధంలా తోచింది. ఒకరి లిపిని ఇంకొకరు గీకేశారు. పైగా కనిపెట్టినవాడి పేరు కూడా ఈ లిపికి మిగల్లేదు. కాన్‌స్టాంటైన్ చనిపోయే ముందు రోమ్‌లో సన్యసించి సిరిల్ అన్న పేరు తీసుకున్నాడు. ఆ పేరు చివరికి రెండో లిపికి అంటుకుంది. బలమున్న లిపి బలహీనమైన లిపిని మింగిందని, దోచుకుందని నేను ఆవేశంగా చెప్పేవాణ్ణి. అలా చెప్పినప్పుడు గొంతులో వచ్చే వణుకు నాకు నచ్చేది. అన్యాయానికి గురైనవాడి పక్షాన నిలబడటంలో ఒక సుఖముంది. దానికి ఖర్చేమీ ఉండదు, ముఖ్యంగా ఆ అన్యాయం వెయ్యేళ్ల కిందటిదైతే.

కానీ బొయానా పత్రం మీద ఎవరు ఏం రాశారన్నది నిదానంగా ఆలోచిస్తే నా కోపం నిలవలేదు. కింద ఉన్నది సువార్త. పైన రాసిందీ సువార్తే. చెరిపినవాడు శత్రువు కాదు. అదే మతం, అదే భాష. చర్మపత్రం ఖరీదైనది. ఒక్క పుస్తకానికి ఎన్నో జంతువుల తోళ్లు కావాలి. తన చుట్టూ పాత అక్షరాలు చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్న కాలంలో, చదివేవాళ్ల కోసం ఆ మాటనే కొత్త అక్షరాల్లో తిరిగి రాశాడు. అతను కాపాడింది మాటను. నేను ఏడ్చింది ఆకారం కోసం. మా ఇద్దరిలో ఆ పుస్తకాన్ని ఎవరు ఎక్కువ గౌరవించారన్న ప్రశ్నకు నాకు అనుకూలమైన జవాబు దొరకలేదు.

సిరిలిక్ ఎలా పుట్టిందో చూసినా అంతే. 885లో మెథోడియస్ చనిపోయాక మొరావియా నుంచి శిష్యుల్ని తరిమేశారు, కొందరిని బానిసలుగా అమ్మేశారు. క్లెమెంట్, నౌమ్ లాంటివాళ్లు బల్గేరియా చేరితే అక్కడి పాలకుడు బోరిస్ ఆశ్రయమిచ్చాడు. ఓహ్రిడ్, ప్రెస్లావ్ రెండు పెద్ద విద్యాకేంద్రాలయ్యాయి. గ్రీకు అక్షరాలకు అలవాటుపడ్డ ప్రెస్లావ్‌లోనే, గ్రీకు పెద్దక్షరాలు తీసుకుని, గ్రీకులో లేని స్లావ్ ధ్వనులకు గ్లాగోలిటిక్ నుంచి అక్షరాలు తెచ్చుకుని సిరిలిక్‌ను తయారుచేశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నేను దొంగ అన్న లిపి ఆ ఇంటి బిడ్డే. మరి నా ఆవేశం ఎవరి తరఫున? తరచి చూస్తే అది నా తరఫునే. నేను ఎంచుకున్న లిపి ఓడిపోయిందంటే నా ఎంపిక ఓడిపోయినట్టు అనిపించింది. దానికి నేను న్యాయం అని పేరు పెట్టాను.

ఇక గర్వానికి మళ్లీ వస్తాను. అది ఒక్కసారి చూస్తే పోయేది కాదు. 867లో వెనిస్‌లో కొందరు మతగురువులు కాన్‌స్టాంటైన్‌ను నిలదీశారు. దేవుణ్ణి స్తుతించడానికి హీబ్రూ, గ్రీకు, లాటిన్ మూడు భాషలే తగినవి, నువ్వెవరు నాలుగోదాన్ని తేవడానికి అని. వాన అందరి మీదా కురుస్తుంది కదా, ఎండ అందరి మీదా కాస్తుంది కదా అని అతను జవాబిచ్చాడు. ఆర్మేనియన్లు, జార్జియన్లు, గోథులు, సిరియన్లు, అరబ్బులు, ఈజిప్షియన్లు, ఇలా తమ తమ భాషల్లో దేవుణ్ణి కొలిచే జనాల పేర్లు వరసగా చెప్పాడు. ఆ మరుసటి ఏడు పోప్ రెండవ హేడ్రియన్ స్లావ్ పుస్తకాలను రోమ్‌లో ఆమోదించాడు. 869 ఫిబ్రవరి 14న, నలభై రెండేళ్ల వయసులో, కాన్‌స్టాంటైన్ అక్కడే కన్నుమూశాడు.

కొన్ని తరాలు గడిచేలోపే అదే వాదం ఇంకో గొంతులో వినబడుతుంది. హ్రాబర్ అన్న పేరుతో ఒక సన్యాసి అక్షరాల గురించి చిన్న గ్రంథం రాశాడు. మనకు మిగిలిన పాత ప్రతి 1348 నాటిది. స్లావ్ అక్షరాలను తక్కువచేసేవాళ్లకు అతని సమాధానం వేరు. గ్రీకు అక్షరాలను చేసినవాళ్లు క్రైస్తవులు కారు, ఎంతోమంది ఎన్నో ఏళ్లు కష్టపడితే గాని అవి పూర్తికాలేదు. మావి ఒక్క పవిత్రుడు కొద్దికాలంలో చేసినవి, కాబట్టి మావే ఎక్కువ పవిత్రం, అని అతని వాదం.

రెండు జవాబుల్లో నాకు ఏది ఎక్కువ నచ్చిందో దాచను. హ్రాబర్‌దే. చదవగానే రక్తం ఉరకలేసింది. కాన్‌స్టాంటైన్ మాట గొప్పదని తల ఊపాను, హ్రాబర్ మాటను మాత్రం గుండెకు హత్తుకున్నాను. మొదటి జవాబులో నా భాషకూ చోటుంది, ఎదుటివాడి భాషకూ చోటుంది. రెండోదానిలో నేను ఒక మెట్టు పైన ఉంటాను. అవమానం పడ్డవాడికి సమానత్వం ఇస్తే సరిపోతుందనుకుంటాం. నాకు అది సరిపోలేదు. పైచెయ్యి కావాలనిపించింది. హ్రాబర్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అతని కాలంలో అతని అక్షరాల మీద నిజంగా దాడి జరుగుతోంది. వాదించకపోతే అవి పోతాయన్న భయం ఉంది. నాకు ఏ భయం ఉంది?

తెలుగు గురించి నేను మాట్లాడిన మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. మన అక్షరాల గుండ్రదనం, మన తలకట్టు సొగసు, ఇంత అందమైన లిపి ఇంకెక్కడుందని వేదికల మీద అన్న మాటలు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి మెల్లమెల్లగా విడివడ్డాయని తెలిసి కూడా, పక్కవాళ్ల అక్షరాలకన్నా మనవి ఒక పాలు మెరుగని అనడంలో నేను వెనకాడలేదు. మన లిపికి కాన్‌స్టాంటైన్ లాంటి కర్త లేడు. పేరు తెలియని శాసనాల చెక్కుడువాళ్లు, తాటాకు మీద గంటం నడిపిన లేఖకులు తరతరాలుగా మలిచారు. అందులో నేను గర్వపడటానికి నేను చేసిందేమీ లేదు. తాటాకు ప్రతిని చేతికిస్తే, పదాల మధ్య ఎడం లేని ఆ వరసల్లో ఒక పద్యం సాఫీగా చదవలేను. సొంత లిపి దగ్గర కూడా నేను చూసేవాడినే, చదివేవాణ్ణి కాదు. దూరదేశపు లిపి దగ్గర పట్టుబడ్డ గుణం ఇంట్లోనే మొదలైంది.

ఇంతవరకూ వచ్చాక నాలో ఒక కఠినత్వం మొదలైంది. గర్వంతో, బద్ధకంతో, కోపంతో మొదలైన ఈ ప్రేమంతా బూటకమే, దీన్ని వదిలేయాలి అని. పశ్చాత్తాపంలో కూడా అహంకారం దూరగలదు. నన్ను నేను పూర్తిగా దోషిగా నిలబెట్టుకోవడంలో కూడా ఒక ఘనత కనబడింది. క్రొయేషియా చరిత్ర చదవకపోతే అక్కడే ఆగిపోయేవాణ్ణేమో.

మిగతా స్లావ్ దేశాల్లో గ్లాగోలిటిక్ వాడుక తప్పుతున్న కాలంలో ఆడ్రియాటిక్ తీరపు క్రొయేషియాలో అది వేళ్లూనుకుంది. అక్కడ అక్షరాలు గుండ్రదనం వదిలి కోణాలు తేలాయి. క్రక్ దీవిలో, బాష్కా పక్కన యురాన్‌ద్వోర్ అనే చోట, సెయింట్ లూసీ చర్చిలో ఒక సున్నపురాయి పలక ఉండేది. దాదాపు రెండు మీటర్ల వెడల్పు, 1100 ప్రాంతపు శాసనం. జ్వోనిమిర్ రాజు చర్చికి నేల దానమిచ్చిన సంగతి అందులో ఉంది. చాలాకాలం ఆ పలక చర్చి నేలలో పరిచి ఉంది. ప్రార్థనకు వచ్చినవాళ్లు దాని మీద నడిచారు. 1851లో స్థానికుడొకరు దాని మీది రాతను గుర్తించారు. 1934లో దాన్ని జాగ్రెబ్ తీసుకెళ్లి అక్కడి అకాడమీలో భద్రపరిచారు. ఇప్పుడు దాన్ని చూసేవాళ్లు ఒకప్పటి కాళ్ల అరుగుదలను కూడా చూస్తారు.

ఆ లిపి అక్కడ అంతకాలం ఎలా నిలిచింది? కారణాలు ఎన్నో ఉంటాయి, కానీ వాటిలో ఒకటి నన్ను కదిలించింది. ఈ అక్షరాలను తమకిచ్చింది బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన సెయింట్ జెరోమ్ అని అక్కడి మతగురువులు నమ్మారు. జెరోమ్ ఆ ప్రాంతంలో పుట్టినవాడే. కాని 420లో చనిపోయాడు, లిపి పుట్టడానికి నాలుగు వందల ఏళ్లకు ముందే. చరిత్ర ప్రకారం ఆ నమ్మకానికి ఆధారం లేదు. అయినా అదే కవచమైంది. జెరోమ్ ఇచ్చిన లిపిని రోమ్ ఎలా కాదంటుంది? 1248లో పోప్ నాల్గవ ఇన్నోసెంట్ సెన్ పట్టణపు బిషప్‌కు ఆ అక్షరాలతో, ఆ భాషలో పూజ జరుపుకోవచ్చని అనుమతి ఇచ్చాడు. 1368లో నోవాక్ అనే ప్రభువు తన ఆత్మ శాంతి కోసం స్వయంగా కూర్చుని ఒక పూజాగ్రంథం రాశాడు. 1483 ఫిబ్రవరి 22న ఆ లిపిలో అచ్చయిన పూజాగ్రంథం వెలువడింది, క్రొయేషియా వాళ్ల మొదటి అచ్చు పుస్తకం. పంతొమ్మిదో శతాబ్దం దాకా కొన్ని ఊళ్లలో ఈ అక్షరాలు చేతుల్లో తిరిగాయి. ఇంత నిజమైన పని ఒక నిజం కాని కథను ఆనుకుని జరిగింది.

మరి ఆ కథ పోయినప్పుడు ఏమైంది? పంతొమ్మిదో శతాబ్దంలో పండితులు దాన్ని పక్కనపెట్టారు. స్లావ్ విద్యలకు ఆద్యుడనదగ్గ డొబ్రోవ్‌స్కీ, గ్లాగోలిటిక్‌ను చాలా తర్వాతి కాలంలో క్రొయేషియా మతగురువులు కల్పించుకున్నారని తేల్చాడు. జెరోమ్ పోతే పరువూ పోయినట్టే కనబడింది. 1836లో కొపితార్ అనే పండితుడు ఒక పాత గ్లాగోలిటిక్ ప్రతిని అచ్చువేయడంతో ఆ తీర్పు కదిలింది. ఇక షఫారిక్ అనే ఇంకో పండితుడు. సిరిల్ చేసింది సిరిలిక్‌నే అని ఏళ్ల తరబడి నమ్మినవాడు. 1855లో ప్రాగ్ చర్చి గ్రంథాలయంలో ఒక లాటిన్ పుస్తకం అట్టలోంచి రెండు గ్లాగోలిటిక్ ఆకులు బయటపడ్డాయి. వాటిని ఆయన పరిశీలించాడు. 1858లో, అరవై దాటిన వయసులో, సిరిల్ చేసింది గ్లాగోలిటిక్‌నే అని రాశాడు. మూడేళ్లకు చనిపోయాడు. తన పేరు నిలబెట్టిన అభిప్రాయాన్ని తన చేత్తోనే దించేశాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన మనసులో ఏం జరిగిందో నాకు ఊహకందదు. నేనైతే ఆ రెండు ఆకులను చూడనట్టు నటించేవాణ్ణేమో. చిన్న చర్చలో ఒక తేదీ తప్పని ఎవరన్నా ఎత్తిచూపితేనే మాట మార్చి తప్పించుకునే స్వభావం నాది.

జెరోమ్ పేరు పోయాక ఆ లిపి పరువు తగ్గలేదు, పెరిగింది. అబద్ధపు ఆసరా తీసేస్తే కూలిపోతుందనుకున్నది సొంత కాళ్ల మీద నిలబడింది. ఎందుకంటే ఆ అక్షరాల్లో నిజంగా పుస్తకాలు ఉన్నాయి. రాసినవాళ్లు, చదివినవాళ్లు ఉన్నారు. 1493 సెప్టెంబరు 9న క్రబవా మైదానంలో క్రొయేషియా సేన తుర్కుల చేతిలో చిత్తయింది. తర్వాత రెండేళ్లకు మార్టినాట్స్ అనే మతగురువు ఒక ప్రార్థన పుస్తకం ప్రతి రాస్తూ, ఆ ప్రార్థనల నడుమే ఆ ఓటమిని, ఊళ్లు పడ్డ బాధను రాసిపెట్టాడు. అతనికి అక్షరం అలంకారం కాదు. చెప్పుకోవాల్సిన దుఃఖానికి దొరికిన ఒకే దారి. ఇలాంటి లేఖకులు చాలామంది పుస్తకం చివర తమను పాపులని చెప్పుకుని, తప్పులుంటే తిట్టకండి, దిద్దుకోండి అని వేడుకున్నారు. మన తాటాకు ప్రతుల చివర కూడా ఇలాంటి మనవులు కనబడతాయి. తమ చేతి తప్పును చదివేవాళ్ల ముందు పెట్టి, వాళ్ల సాయం అడిగారు. ఆ వినయం ముందు నా పాండిత్యం నాకు ఇరుకుగా అనిపించింది.

అందుకని ప్రేమను వదిలేయలేదు. దానికి పని పెట్టాను. వాటికన్‌లో ఉన్న అస్సెమానీ సువార్త ప్రతి మొదటి పుట ఛాయాచిత్రం తీసి, పక్కన అక్షరాల పట్టిక పెట్టుకున్నాను. లెబనాన్ పండితుడు అస్సెమానీ 1736లో జెరూసలేంలో కొన్న పుస్తకం అది. యోహాను సువార్త మొదటి వాక్యంతో మొదలవుతుంది. కాన్‌స్టాంటైన్ అక్షరాలు సిద్ధం చేసుకుని మొట్టమొదట రాసింది ఆ వాక్యమేనని జీవితచరిత్ర చెబుతుంది. పదాల మధ్య ఎడం లేదు. ఒక పదం ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. ఒకచోట రెండు మూడు అక్షరాల మీద చిన్న అడ్డగీత కనబడింది. ముందు దాన్ని అలంకారం అనుకున్నాను. దేవుడి పేరును కుదించి రాసినప్పుడు పెట్టే గుర్తు అది. ఆ గుర్తు పట్టుకున్నాక వాక్యం తెరుచుకోవడం మొదలైంది. నత్తనడక చదువు. దాన్ని ఎవరికీ చెప్పి మెప్పించలేను, ఎందుకంటే చెప్పుకోదగ్గంత ఏమీ రాదు నాకు. బహుశా అందుకే అది ఇంతవరకు నేను చేసిన వాటిలో కాస్త నిజమైన పని అనిపిస్తోంది.

అలా అనుకోగానే సందేహం వస్తుంది. వినయంగా చదువుతున్నానని ఇక్కడ రాయడం కూడా పాత గర్వానికి కొత్త బట్ట కట్టడం కాదా? అయి ఉండవచ్చు. గర్వం పూర్తిగా పోయేదాకా ఆగితే ఏ పుస్తకమూ తెరవలేను. క్రొయేషియా మతగురువులు జెరోమ్ కథ నిజమో కాదో తేలేదాకా ఆగి ఉంటే, ఆ పుస్తకాల్లో చాలావాటిని ఎవరూ రాసేవాళ్లు కాదు. తప్పు కారణం మనల్ని సరైన పని దగ్గరకు తీసుకెళ్లగలదు. మీ ఇష్టాల్లో కూడా ఇలాంటివి ఉండవచ్చు, ఎవరినో మెప్పించడానికి మొదలుపెట్టినవి, ఎవరిమీదో కోపంతో పట్టుకున్నవి. అంతమాత్రాన వాటిని పారేయనక్కర్లేదనుకుంటాను. కానీ ఏదో ఒకరోజు ఆ కారణాన్ని తీసి పక్కన పెట్టి, మిగిలిందేమిటో చూసుకోవాలి. జెరోమ్ పేరు తీసేసినా ఆ లిపి నిలబడింది, అడుగున చదవదగ్గది ఉంది కాబట్టి. నా గర్వాన్ని తీసేస్తే నా ప్రేమ అడుగున ఏముందో ఇంకా నాకు తేలలేదు. తేల్చుకునే దారి మాత్రం తెలిసింది. తెలుగైనా, గ్లాగోలిటిక్ అయినా, ముందున్న వాక్యం పూర్తిగా చదవాలి.